ఇంట్లో బీరు కాయడానికి ఏ గ్యాస్ బర్నర్ కొనాలి? బీటీయూ అంకె ఒక్కటే చూసి కొనకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికాలో సొంత ఇల్లు, వెనకాల సిమెంటు ప్యాటియో ఉన్నాయి. ఇన్నాళ్ళూ వంటింటి స్టవ్ మీదే 5 గ్యాలన్ల బ్యాచ్ కాస్తున్నారు. మరుగు రావడానికే రెండు గంటలు పడుతోంది, వచ్చాక కూడా కుతకుతలాడటమే తప్ప కళపెళా మరగడం లేదు. ప్రొపేన్ బర్నర్ కొందామంటే 55 వేల బీటీయూ (బర్నర్ గంటకి ఇచ్చే వేడికి కొలత) నుంచి 2 లక్షల బీటీయూ దాకా రకరకాలు కనిపిస్తున్నాయి. పెద్దది తీసుకుంటే పండగలకి, పార్టీలకి బిర్యానీ కూడా దాని మీదే వండుకోవచ్చని మీ ఆలోచన.

ముందే జవాబు చెప్పేస్తాను. 5 గ్యాలన్ల బ్యాచ్‌కి 55 వేల నుంచి 75 వేల బీటీయూ బర్నర్ బాగా సరిపోతుంది. పెట్టె మీద పెద్దక్షరాలతో వేసే ఆ అంకె మంట ఎంత పెద్దగా వస్తుందో మాత్రమే చెబుతుంది. మంట ఎంత చిన్నగా, ఎంత నిలకడగా తగ్గుతుందో, స్టాండ్ ఎంత గట్టిదో చెప్పదు. బీరు కాసేవాళ్ళకి రోజూ పనికొచ్చేవి ఆ రెండే.

లెక్క చూడండి, నమ్మకం కుదురుతుంది. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి ఒక బీటీయూ కావాలి. గ్యాలన్ నీళ్ళు 8.34 పౌన్లు. 5 గ్యాలన్ల బీరు కావాలంటే మరిగించే ముందు గిన్నెలో సుమారు 7 గ్యాలన్ల వర్ట్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానబెట్టి తీసిన తీపి నీళ్ళు; పులిస్తే బీరయ్యేది ఇదే) ఉంటుంది, అంటే నీళ్ళ లెక్కన 58 పౌన్లు. 65 డిగ్రీల నుంచి 212కి తీసుకెళ్ళాలంటే దాదాపు 8,600 బీటీయూ లోపలికి వెళ్ళాలి. ఆరుబయట బర్నర్ మంటలో మూడో వంతు గిన్నెకి ఎక్కితే గొప్ప, మిగతాది పక్కల నుంచి గాల్లో కలిసిపోతుంది. ఆ లెక్కన 60 వేల బీటీయూ బర్నర్ నుంచి గంటకి 20 వేల దాకా లోపలికి వెళ్తుంది, పాతిక నిమిషాల్లో మరుగు వస్తుంది. 2 లక్షల బర్నర్‌ని పూర్తిగా తెరిస్తే మంట గిన్నె అంచులు దాటి పైకి ఎగబాకుతుంది కాబట్టి వృథా ఇంకా ఎక్కువ. నాలుగో వంతు ఎక్కిందనుకుంటే పది నిమిషాలు పడుతుంది. మొత్తం మీద మిగిలేది పావుగంట. బీరు కాసే రోజు ఎలాగూ ఐదారు గంటలు పోతాయి, అందులో ఈ పావుగంట కోసం అంత మంటని కొనుక్కోనక్కర్లేదు.

మీ వంటింటి స్టవ్ ఎందుకు కుతకుత దగ్గరే ఆగిపోతోందో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఇక్కడి గ్యాస్ స్టవ్‌ల్లో మామూలు బర్నర్ 9 వేల నుంచి 12 వేల బీటీయూ ఉంటుంది. అందులో గిన్నెకి చేరేది నాలుగైదు వేలు. గంటకి ఒక గ్యాలన్ ఆవిరవ్వాలంటే ఆవిరికే 8 వేల బీటీయూ పైన కావాలి. చేరేది అందులో సగం, ఇక మరుగు ఎలా వస్తుంది? స్టవ్ పాడైందనుకోకండి, దాని శక్తి అంతే.

ఇప్పుడు అదే 8 వేలని బర్నర్ వైపు నుంచి చూడండి. పక్కలకి పోయే వేడి కూడా కలిపి గంటకి 10 వేలు లోపలికి వెళ్తే మంచి మరుగు నిలుస్తుంది. అంటే బర్నర్ దగ్గర 25 నుంచి 30 వేల బీటీయూ మంట. 60 వేల బర్నర్‌కి అది సగం, హాయిగా నీలంగా మండుతుంది. 2 లక్షల బర్నర్‌కి ఏడో వంతు. అంత తగ్గించేసరికి చాలా పెద్ద బర్నర్లలో మంట పసుపు రంగుకి తిరిగి, బలహీనంగా ఊగుతూ, చిన్న గాలికే ఆరిపోతుంది. గంటసేపు ఆ మంటతోనే గడపాలి కాబట్టి నేను ముందు చూసేది ఎంత తక్కువ మంట మీద నిలకడగా మండుతుందన్నదే.

మరుగు మీద అదుపు ఎందుకంటారా? వర్ట్ 205 డిగ్రీలు దాటాక పైన గోధుమరంగు నురగ గట్టిగా దుప్పటిలా పరుచుకుంటుంది. మాల్ట్‌లోని ప్రొటీన్ అది. మరుగు అందుకున్న క్షణంలో ఆ దుప్పటి మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. పాలు పొంగడం చూసిన చెయ్యే ఇక్కడా పనికొస్తుంది, కాకపోతే ఇవి ఏడు గ్యాలన్లు, కింద భగభగ మండే మంట. ఆ క్షణంలో వాల్వ్ కొంచెం తిప్పితే మంట వెంటనే సగానికి పడాలి. కొన్ని రెగ్యులేటర్ల మర పావు చుట్టు తిప్పినా ఏమీ మారదు, ఇంకో పావు తిప్పితే మంట ఆరిపోతుంది. అలాంటి వాటితో పొంగు ఆపలేరు. మొదటి హాప్స్ (చేదుకీ వాసనకీ వేసే పూలు) వేసినప్పుడు కూడా ఇలాగే పొంగుతుంది, అందుకే పక్కన చన్నీళ్ళ స్ప్రే సీసా పెట్టుకోండి, నురగ మీద కొడితే అణుగుతుంది. పొంగి కారిన వర్ట్ బర్నర్ రంధ్రాల్లో పడి బెల్లం పాకంలా మాడి గట్టిపడితే వదిలించడం పెద్ద పని.

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (వర్ట్‌ని ముందే పాకంలా చిక్కబరిచి అమ్మేది) కాసేవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఎక్స్‌ట్రాక్ట్ పోసేముందు మంట పూర్తిగా ఆపండి, అడుగుకంటా కలిసిపోయే దాకా తిప్పండి, ఆ తర్వాతే మళ్ళీ వెలిగించండి. చిక్కటి పాకం అడుగుకి దిగి మంట మీద కూర్చుంటే అడుగంటి మాడుతుంది, ఆ మాడు రుచి బీరు చివరి గుక్క దాకా పోదు.

అలాగని మరుగు మరీ నీరసంగానూ ఉండకూడదు. పిల్స్‌నర్ అనే లేతరంగు మాల్ట్‌లో ఒక పదార్థం వేడికి డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుతుంది, ఉడికించిన మొక్కజొన్న వాసన దానిదే. ఆవిరితో పాటు అది బయటికి పోవాలి. అందుకే మూత పెట్టకుండా మరిగిస్తారు, పిల్స్‌నర్ మాల్ట్ ఎక్కువ ఉంటే చాలామంది గంట బదులు గంటన్నర మరిగిస్తారు. పైన ఉపరితలం అంతా కదులుతూ, మధ్యలో ఉబికి అంచులకి దొర్లుతూ ఉంటే చాలు. గిన్నె బయటికి చిందేంత అవసరం లేదు. అంత మంట పెడితే రంగు ముదురుతుంది, గ్యాస్ అయిపోతుంది, చివరికి మిగిలే బీరు తగ్గుతుంది.

ఇక రకాల సంగతి. జెట్ బర్నర్ అంటే ఒకటే నాజిల్‌లోంచి మంట బాణంలా లేచేది. చవక, మొదటి మరుగు తొందరగా వస్తుంది, కానీ హోరుకి పక్కన ఉన్నవాళ్ళ మాట వినపడదు. మంటంతా గిన్నె అడుగున అరచేయంత చోట పడుతుంది, మ్యాష్‌ని (వేడి నీళ్ళలో నానుతున్న మాల్ట్) నేరుగా వేడిచేస్తే అక్కడే మాడుతుంది. నేనైతే బీరుకి తీసుకోను. బాంజో బర్నర్ పోత ఇనుముతో చేసిన వెడల్పాటి గుండ్రటి పళ్ళెం, సాధారణంగా 10 అంగుళాలు, దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు. మంట పరుచుకుని మండుతుంది, చప్పుడు తక్కువ. బేయూ క్లాసిక్ కేఏబీ4 ఈ జాతిదే, 30 పీఎస్‌ఐ (గ్యాస్ ఒత్తిడికి కొలత) రెగ్యులేటర్‌తో వస్తుంది. 10 గ్యాలన్ల బ్యాచ్‌లు, 15 గ్యాలన్ల గిన్నె ఉన్నవాళ్ళకి ఇది సరైనది. చిన్న గిన్నె పెడితే మాత్రం మంట అంచులు దాటి వచ్చి వాల్వ్ పిడిని, థర్మామీటర్ అద్దాన్ని, సిలికాన్ గొట్టాన్ని కాలుస్తుంది.

మీలాంటివాళ్ళకి మధ్యరకం బర్నర్లు ఉన్నాయి. బేయూ క్లాసిక్ ఎస్‌క్యూ14 చతురస్రపు వెల్డింగ్ స్టాండ్, 10 పీఎస్‌ఐ రెగ్యులేటర్, 55 వేల పైచిలుకు బీటీయూ. ఆన్విల్ ఫోర్జ్ 72 వేల బీటీయూ, కాళ్ళ పొడుగు పెంచే గొట్టాలు విడిగా దొరుకుతాయి. బ్లిక్‌మన్ హెల్‌ఫైర్ 1.4 లక్షలది, కానీ తక్కువ మంట మీద కూడా నిలకడగా మండేలా చేశారు. ముందు ముందు 10 గ్యాలన్లకి వెళ్ళే ఉద్దేశం ఉంటే, డబ్బు పెట్టగలిగితే అది మంచి వస్తువే.

చవకగా దొరికే టర్కీ ఫ్రయర్ (టర్కీ కోడిని నూనెలో వేయించేది) సెట్టు సంగతి వేరు. బర్నర్‌తో పాటు 30 క్వార్టుల అల్యూమినియం గిన్నె కూడా వస్తుంది కాబట్టి మొదలుపెట్టేవాళ్ళకి ఆకర్షణగా ఉంటుంది. కొనేముందు టైమర్ ఉందేమో చూడండి. వీటిలో చాలావాటికి నూనె మంటలు ఆపడానికి 15 నిమిషాల టైమర్ పెడుతున్నారు, బటన్ నొక్కకపోతే గ్యాస్ ఆగిపోతుంది. గంట మరుగులో పదే పదే దాని చుట్టూ తిరగాలి. పైగా 30 క్వార్టులంటే ఏడున్నర గ్యాలన్లు, అందులో 7 గ్యాలన్ల వర్ట్ పోస్తే పొంగడానికి జాగా లేదు. మీకు 10 గ్యాలన్ల గిన్నె ఉండాలి.

బిర్యానీ ఆలోచన మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ ఆ పనికి కూడా 2 లక్షల బర్నర్ వద్దనే చెబుతాను. ఎసరు మరగడానికి, మాంసం వేగడానికి పెద్ద మంట బావుంటుంది. దమ్ము పెట్టే వేళకి మాత్రం మంట సన్నగా, డేగిశా అడుగంతా సమంగా తగలాలి. జెట్ బర్నర్ మీద దమ్ము పెడితే మధ్యలో మాడి, అంచుల్లో బియ్యం పలుకుగా మిగులుతుంది. వెడల్పాటి, తగ్గించగలిగే బర్నర్ రెండు పనులకీ ఒకటే. గిన్నెలు మాత్రం వేరుగా ఉంచండి, మసాలా నూనె జిడ్డు బీరు నురగని చంపేస్తుంది.

స్టాండ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం దీన్ని ఆఖరున చూస్తారు. 7 గ్యాలన్ల వర్ట్ 60 పౌన్లు, స్టీలు గిన్నెతో కలిపి 75 పౌన్ల దాకా బరువు. మరుగుతున్న ఆ చక్కెర నీళ్ళు ఒంటి మీద పడితే మామూలు వేడి నీళ్ళలా జారిపోవు, అంటుకుని కాలుస్తాయి. కాబట్టి కాళ్ళు వెల్డింగ్ చేసినవైతే మేలు. బోల్టులతో బిగించినవి వేడికి వదులవుతాయి, ప్రతిసారీ బిగించి చూసుకోవాలి. గిన్నె పెట్టే చట్రం గిన్నె అడుగు కంటే వెడల్పుగా ఉండాలి. మూడు కాళ్ళ పొడుగాటి స్టాండ్లని నేను ఎవరికీ చెప్పను. ఎత్తు తక్కువైతే గిన్నె ఎత్తి పెట్టడం తేలిక, కానీ కింది వాల్వ్ నుంచి ఫర్మెంటర్‌లోకి (బీరు పులిసే పాత్ర) వర్ట్ దానంతటదే పారదు. చల్లార్చాక ఇద్దరు కలిసి ఎత్తగలిగితే పొట్టి స్టాండే తీసుకోండి. ఒంటరిగా కాస్తుంటే పంపు పెట్టుకోవాలి, లేదా కాళ్ళు పొడిగించాలి. బర్నర్ చుట్టూ గాలి అడ్డు రేకు ఉందో లేదో కూడా చూడండి. నేనుండే డాలస్ వైపు వసంతకాలం గాలికి అడ్డు లేకపోతే సగం గ్యాస్ గాలికే పోతుంది.

రెగ్యులేటర్, సిలిండర్ దగ్గర కొత్తవాళ్ళు కంగారుపడే సంగతి ఒకటుంది. అంతా బిగించి వెలిగిస్తే మంట కొవ్వొత్తంత వస్తుంది, ఎంత తిప్పినా పెరగదు. బర్నర్ పాడైందని వెనక్కి పంపేస్తారు. చాలాసార్లు తప్పు బర్నర్‌ది కాదు. గొట్టం ఊడితే గ్యాస్ పోకుండా ఆపే ఏర్పాటు సిలిండర్‌కి తగిలించే ఆ ప్లాస్టిక్ బిరడాలో ఉంటుంది. బర్నర్ వాల్వ్ తెరిచి ఉండగా సిలిండర్ వాల్వ్ గబుక్కున తిప్పితే అది లీకు అనుకుని మూసుకుంటుంది. అన్నీ కట్టేయండి, గొట్టం విప్పి మళ్ళీ బిగించండి, బర్నర్ వాల్వ్ మూసే ఉంచి సిలిండర్ వాల్వ్‌ని మెల్లమెల్లగా తెరవండి, కాసేపు ఆగి అప్పుడు బర్నర్ వెలిగించండి. మంట మామూలుగా వస్తుంది.

20 పౌన్ల సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 4.3 లక్షల బీటీయూ. ఒక 5 గ్యాలన్ల ఆల్ గ్రెయిన్ (ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా మాల్ట్ గింజలతోనే కాసే) బ్యాచ్‌కి నీళ్ళు కాచడం, మరిగించడం కలిపి రెండున్నర నుంచి మూడు పౌన్లు పడుతుంది. అంటే ఆరు నుంచి ఎనిమిది బ్యాచ్‌లు. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకునే సిలిండర్లలో తరచు 15 పౌన్లే నింపుతారు, గ్యాస్ నింపే చోటుకి తీసుకెళ్తే డబ్బుకి తగ్గ గ్యాస్ వస్తుంది. మరుగు మధ్యలో అయిపోకుండా ముందే తూచండి. సిలిండర్ మెడ మీద టీడబ్ల్యూ అని ఖాళీ బరువు కొట్టి ఉంటుంది, బాత్రూమ్ తూకం మీద పెట్టి ఆ బరువు తీసేస్తే మిగిలింది గ్యాస్. చలికాలంలో, అదీ సగం ఖాళీ సిలిండర్‌తో, పెద్ద మంట పెడితే సిలిండర్ బయట తెల్లగా మంచు పడుతుంది, మంట తగ్గిపోతుంది. లోపలి ద్రవం ఆవిరవుతూ తనని తాను చల్లబరుచుకోవడమే కారణం. మంట కొంచెం తగ్గించండి, నిండు సిలిండర్ మార్చండి. సిలిండర్‌కి మాత్రం ఎప్పుడూ ఏ రకంగానూ మంట చూపించకండి.

మంట రంగు మీద ఒక కన్నేసి ఉంచండి. నీలంగా, లోపల చిన్న చిన్న శంకువులుగా ఉంటే సరైనది. పసుపు కొసలు వచ్చి గిన్నె అడుగు మసిబారుతుంటే గాలి చాలడం లేదు, గొట్టం మొదట్లో ఉండే గాలి బిళ్ళని కొంచెం తెరవండి. మంట రంధ్రాల మీద నిలవకుండా పైకి ఎగిరి గరగరలాడుతుంటే గాలి ఎక్కువైంది, కొంచెం మూయండి. కొన్నాళ్ళు వాడకుండా పెట్టిన బర్నర్ తీసినప్పుడు ఆ గొట్టంలో సీసాలు కడిగే బ్రష్ పెట్టి తిప్పండి. సాలీళ్ళు అందులో గూడు కట్టుకుంటాయి. గూడు అడ్డుపడితే గ్యాస్ వెనక్కి మళ్ళి గాలి బిళ్ళ దగ్గర మంట లేస్తుంది.

ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. గరాజ్‌లో వద్దు. తలుపు ఎత్తి ఉంచినా వద్దు. ఈ బర్నర్లు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. గరాజ్ లోపలి తలుపు సందుల్లోంచి ఇంట్లో నిద్రపోతున్న పిల్లల దాకా వెళ్తుంది. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, చాలా ఇళ్ళలో వాటర్ హీటర్ ఆ గరాజ్‌లోనే ఉంటుంది, దాని మంటకి ఆ గ్యాస్ అంటుకోవచ్చు. పైగా ఈ బర్నర్లలో ఎక్కువ వాటికి మంట ఆరితే గ్యాస్ తనంతట ఆగే ఏర్పాటు లేదు. గాలికి మంట ఆరి, మీరు లోపలికి వెళ్ళి పది నిమిషాలు ఫోన్ మాట్లాడితే ఆ పది నిమిషాలూ గ్యాస్ పోతూనే ఉంటుంది. ప్యాటియో మీద, గోడకి పదడుగుల దూరంలో పెట్టుకోండి, చెక్క డెక్ మీద అసలే వద్దు. సిమెంటు కూడా నేరుగా వేడి తగిలితే పెచ్చులూడుతుంది, కింద పలకలు పరవండి. ప్రతిసారీ సబ్బు నురగ జాయింట్లకి రాసి బుడగలు లేస్తున్నాయేమో చూడండి. సిలిండర్‌ని గొట్టం ఎంత పొడుగుంటే అంత దూరం జరపండి. పిల్లలు, కుక్కలు ఆ వైపు రాకుండా ఎవరైనా చూసుకోవాలి.

ఇంట్లో పైపు గ్యాస్ ఉంది కదా, దానికే కలిపితే పోదా అని చాలామంది అనుకుంటారు. కలపొచ్చు, సిలిండర్ బాధ తప్పుతుంది. కానీ ఆ గ్యాస్ ఒత్తిడి 7 అంగుళాల నీటి మట్టమే, పీఎస్‌ఐలో నాలుగో వంతు. ప్రొపేన్ నాజిల్ దానికి పనికిరాదు, పెద్ద రంధ్రం ఉన్నది వేయాలి. ప్యాటియో దాకా లైను లాగడం లైసెన్సు ఉన్న ప్లంబర్ చేయాల్సిన పని. అపార్ట్‌మెంట్‌లో ఉండే స్నేహితులు మిమ్మల్ని చూసి బాల్కనీలో బర్నర్ పెడతామంటే ఆపండి, చాలాచోట్ల అగ్నిమాపక నిబంధనలు ఒప్పుకోవు. వాళ్ళకి కరెంటు గిన్నెలు మేలు. 240 వోల్టుల మీద 5,500 వాట్ల హీటర్ గంటకి 18,700 బీటీయూ ఇస్తుంది, అదీ దాదాపు మొత్తం వర్ట్‌లోకే వెళ్తుంది. మన 60 వేల గ్యాస్ మంటకి దాదాపు సమానం.

ఊళ్ళో తమ్ముడికి కూడా ఒక సెట్టు పంపుదామనుకుంటున్నానని రాశారు, అది వద్దు. ఇక్కడ అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇంట్లో ఒక్క పెద్దవారుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా సొంతానికి కాచుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్రలో, తెలంగాణలో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు.

మీ పరిస్థితికి నేనైతే 72 వేల బీటీయూ బర్నర్, వెల్డింగ్ స్టాండ్, 10 గ్యాలన్ల గిన్నె తీసుకుంటాను. ఖర్చు తగ్గించాలంటే ఎస్‌క్యూ14. కొన్నాక మొదటిసారి గిన్నె పెట్టకుండా ఒక ఇరవై నిమిషాలు మండించండి, పెయింట్ కాలి పొగ వాసన పోతుంది. రెండోసారి ఉత్త నీళ్ళు 7 గ్యాలన్లు పోసి మరిగించి, గంటలో ఎంత ఆవిరైందో కొలిచి రాసుకోండి. ఆ మంట ఎత్తు ఎంతో, రెగ్యులేటర్ ఎన్ని చుట్లు తిప్పారో కూడా రాసుకోండి. మీ గిన్నె అడుగు వ్యాసం కొలిచి చెబితే ఏ స్టాండ్ మీద కదలకుండా కూర్చుంటుందో చెప్పగలను.